దుంకుడుకు ఒక పడుగు దూరం

మాగిన సీతాఫలాన్ని రెండుగా విప్పినప్పుడు గుప్పున లేచే తీపి వాసన, అందులో కాస్త పచ్చి ఆకు వగరు, కాస్త తడిమట్టి చల్లదనం కలిసిన ఆ వాసన, ఎనభై దాటిన నా ముక్కుకు ఇప్పటికీ చిన్నప్పుడు తగిలినట్టే తగులుతుంది. మొన్న దసరా వెళ్లిన వారం మా అమ్మాయి సుజాత నన్ను కారులో ఎక్కించుకుని కల్వకుర్తి మీదుగా మా పాత గుట్టల దాకా తీసుకెళ్లింది. కారు ఆపిన చోట రోడ్డు వారన నలుగురు ఆడవాళ్లు మోదుగాకులు పరిచిన గంపల్లో కాయలు పెట్టుకుని కూర్చున్నారు. సుజాత కారు వెనక నుంచి నా చక్రాల కుర్చీ దింపి విప్పుతుంటే, వాళ్లలో ఒకామె మెత్తటి కాయను చేతుల్లోనే చిదిమి, "రుచి చూడు అవ్వా, కొనకపోయినా ఏంగాదు" అని సగం నా అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకుని గింజలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఊసాను.

అక్కడి నుంచి దుంకుడు దాకా ఇప్పుడు బాట వేశారు. దుంకుడు అంటే మా వైపు జలపాతం. నీళ్లు గుట్ట మీంచి కిందికి దుంకుతాయి కనుక ఆ పేరు. దాని పక్కనే గవి, అంటే గుహ, అందులో లింగమయ్య. ఆ బాట నున్నగా, ఎక్కడా మెట్టన్నది లేకుండా, గుట్ట నడుముకు చుట్టిన కొంగులా మెల్లమెల్లగా పైకి పోతుంది. రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు, అలసినవాళ్లు కూర్చోవడానికి అక్కడక్కడా సిమెంటు బల్లలు. మొదట్లోనే చక్రాల కుర్చీ బొమ్మ గీసిన బోర్డు ఉంది. మాకు ముందు ఒక పాతికేళ్ల పిల్ల తన కుర్చీ చక్రాలను తానే రెండు చేతులతో తిప్పుకుంటూ, స్నేహితురాళ్లతో ఏదో నవ్వుతూ, ఎవరి సాయం లేకుండా ఎక్కిపోతూ ఉంది. ఆ పిల్ల భుజాల కదలిక చూస్తుంటే మా అక్క గుర్తొచ్చింది. ఆ బాట మా అక్క కోసం వేయవలసినది. డెబ్బై ఏళ్లు ఆలస్యమైంది.

మా ఊరు కల్వకుర్తికి దక్షిణంగా రెండు కోసుల దూరం. నిజాం రాజ్యం ఆఖరి ఏళ్లవి. మాది నేతపనివాళ్ల వాడకట్టు; ఇరవై ఇళ్లు, ఇంటికో గుంట మగ్గం. పొద్దున లేచేసరికి గంజి ఉడుకుతున్న వాసన, ఎండెక్కేసరికి వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నిలువు పోగులన్నీ సాగదీసి కట్టిన పడుగు, దానికి రెండు వైపులా కుంచెలు పట్టుకుని గంజి రాస్తూ వెనక్కీ ముందుకీ నడిచే మనుషులు. మాకు దూరమంటే పడుగులతోనే లెక్క. బావి రెండు పడుగుల దూరం, కల్లు దుకాణం నాలుగు పడుగుల దూరం. వానాకాలంలో పడుగు ఆరదని పెద్దవాళ్లు మబ్బుల వైపు చూసి నిట్టూర్చేవారు. ఎండాకాలంలో పొడిగాలికి పోగులు పుటుక్కు పుటుక్కున తెగేవి. నాన్నను మేము బాపు అనేవాళ్లం. చలికాలంలో మగ్గం గుంటలో వెచ్చగా ఉంటుందని మేము బాపు కాళ్ల పక్కన దూరి కూర్చుంటే, ఆయన మమ్మల్ని కసరకుండా, పాదాలు మాకు తగలకుండా జాగ్రత్తగా తొక్కుడు కర్రలు తొక్కేవాడు.

మా అక్క పేరు రాజమ్మ, నాకంటే ఆరేళ్లు పెద్ద. మూడేళ్ల వయసులో జ్వరం వచ్చి పోతూ పోతూ ఆమె నడుము కింది బలమంతా తీసుకుపోయిందట. కాళ్లు సన్నగా, ఎండిన తుమ్మ కొమ్మల్లా ఉండేవి. కూర్చునే, రెండు అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లు లేపి ముందుకు జరుపుకుంటూ ఇల్లంతా తిరిగేది. ఆ అరచేతులు బాపు చేతులకంటే గట్టిగా ఉండేవి. గడప మాత్రం దాటేది కాదు. వీధిలో రాళ్లు, పేడ, అంతకంటే ఎక్కువగా చూసే కళ్లు. రోజంతా రాట్నం ముందు కూర్చుని, నాడెలో, అంటే మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే కర్రలో, పెట్టడానికి కండెలు చుట్టేది. బయటికి పోని మనిషి కదా, చెవులతోనే ఊరంతా తిరిగేది. ఏ ఇంటి మగ్గం ఆగిందో, ఎవరి బండి వచ్చిందో, ఎవరు ఎవరి మీద అలిగి తలుపు గట్టిగా వేశారో రాట్నం తిప్పుతూనే చెప్పేది.

ప్రతి ఏడూ సద్దుల బతుకమ్మ, దసరా అయిపోయి, ఇంటి ముందు తంగేడు, గునుగు పూలు వాడి ఎండిపోయే రోజుల్లో మా వాడకట్టు ఆడవాళ్లు రెండు మూడు బండ్లు కట్టుకుని గవి లింగమయ్య దగ్గరికి పోయేవారు. మగవాళ్లు మగ్గాలు దిగేవారు కాదు, ఆడవాళ్లు, పిల్లలమే. అక్కను విడిచి మా అమ్మ మాత్రం ఎన్నడూ పోలేదు. బండిలో జొన్నసొప్ప పరిచి, దాని మీద గొంగడి వేసి, మధ్యలో సద్ది మూటలు పెట్టేవారు. రొట్టె నలిపి బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు, నువ్వుల పొడి, సత్తుపిండి, ఉడికించి తాలింపు పెట్టిన బెబ్బర్ల గుడాలు, అరటాకులో చుట్టిన పులిహోర. తెల్లవారుజామున బయలుదేరితే మునిమాపుకు గుట్ట కింది పల్లె చేరేవాళ్లం. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేది అవ్వ, అంటే బాపు తల్లి. పొగాకు కాడ దవడన పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతి నిలువు రాయికీ చేతులెత్తి మొక్కేది. అన్నింటికీ ఎందుకు మొక్కుతావని అడిగితే, "ఏ రాయిల దేవుడున్నడో మనకేం ఎరుక" అనేది.

మొదటిసారి పోయినప్పుడు నాకు ఆరేళ్లు. పొద్దున్నే గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. అవ్వకు మోకాళ్ల నొప్పులు కనుక గుట్ట కింద ఇప్పచెట్టు నీడలోనే కూర్చుండిపోయింది. దారి అంతా సీతాఫలం పొదలు, పండి పగిలిన కాయల మీద వాలిన చీమలు, అడుగేస్తే జారే గులకరాళ్లు. పైకి పోతున్నకొద్దీ ఏదో ఒక హోరు దగ్గరవుతూ ఉంది. ఒకచోట పెద్ద బండ దారి మీదికి చూరులా వంగి ఉంది. దాని కింద చీకటి, చల్లదనం, పైన నల్లటి చాపలు వేలాడదీసినట్టు తేనెపట్లు. వాటి మీద ఈగలు మెల్లగా అలలా కదులుతున్నాయి. "ఇక్కడ మాట్లాడొద్దు, సప్పుడు చెయ్యకుంట నడువుండ్రి" అని ముందున్న ఆడవాళ్లు నోటి మీద వేలు పెట్టారు. ఆ మౌనం, ఆ హోరు, ఆ నల్లటి చాపలు కలిసి నా గుండె మీద కూర్చున్నాయి. ఎవరూ చూడకుండా వెనక్కి తిరిగి పరుగెత్తి, ఇప్పచెట్టు కింద అవ్వ ఒళ్లో పడ్డాను. ఆ తర్వాత రెండేళ్లు అక్కడిదాకా కూడా పోలేదు. "అవ్వకు తోడుంట" అనేదాన్ని. ఎంత మంచి పిల్లో అని అందరూ మెచ్చుకునేవారు.

మొదటి ఏడు ఇంటికి తిరిగిరాగానే అక్క రాట్నం ఆపి, "చూసినవా?" అని అడిగింది. ఆమె కళ్లు చూసి, పారిపోయి వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

"చూసిన" అన్నాను.

"నీళ్లు ఎట్ల పడతయే?"

"గంజిల ముంచిన నూలు బాపు దులుపుతడు గద, గట్ల. తెల్లగ."

"సప్పుడు?"

"ఇరవై మగ్గాలు ఒక్కపారి ఆడినట్టు."

సప్పుడు మాత్రం నేను నిజంగా విన్నదే. మిగతాదంతా బండిలో ఆడవాళ్లు మాట్లాడుకున్న ముక్కలకు నేను అతికించిన అతుకులు. అక్క అడిగేకొద్దీ నేను చెప్పాను, చెప్పేకొద్దీ ఆమె అడిగింది. గవి ఎట్లుంటుందని అడిగినప్పుడు, ఆమె నేల మీద చేతులు ఆనించి నా వైపు జరుగుతూ ఉంది. ఆ జరగడం చూసి నా నోటికి ఆ మాట వచ్చింది.

"గవిల ఎవ్వలూ నిలబడరాదు అక్కా. కప్పు గింతెత్తే ఉంటది. లోపలికి పోవాల్నంటే అందరు కూసోని చేతుల మీద జరుగుకుంట పోవాలె. నీ లెక్కనే."

అక్క చేతులు ఆగిపోయాయి. "అందరా?"

"అందరు."

"దొరసాని పోతె?"

"దొరసాని గూడ."

అక్క అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మా ఊరి దొరసాని గడీ నుంచి మేనాలో తప్ప బయటికి రాదు. మేము ఆమె పాదాలను కూడా ఎన్నడూ చూడలేదు. ఆ దొరసాని జరీ చీరతో నేల మీద కూర్చుని, అరచేతులతో జరుగుతూ లింగమయ్య దగ్గరికి పోతుంటుంది. అక్కకు ఆ బొమ్మ ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత మూడేళ్లు, వానకు పడుగు పరచలేని మధ్యాహ్నాల్లో, "అండాలూ, దొరసాని ఎట్ల జరిగిందే, జర చూపియ్యి" అని అడిగేది. నేను అమ్మ చీర కప్పుకుని, మెడ బిగించి, మూతి ముడిచి, కూర్చుని జరిగేదాన్ని. అక్క నా పక్కన జరిగేది. ఇద్దరం ఇంటి నడుమ అట్లా పందెం పెట్టుకుని, నవ్వి నవ్వి, కండెలు దొర్లిపోయి, అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. ప్రతిసారీ ఆ పందెంలో అక్కే గెలిచేది.

అవ్వకు అంతా తెలుసు. ఇప్పచెట్టు కింద నేను తన పక్కనే కూర్చున్నాను కదా. ఒకనాడు నా తలకు నూనె రాస్తూ మెల్లగా అన్నది. "చెప్పు బిడ్డా, చెప్తే దానికి పొద్దుపోతది. గని వచ్చేపారి పొయ్యి చూసిరా. చూడనిదాన్ని ఇంత పొడుగు చెప్పొద్దు." పోతానని తలూపాను. ఆ మరుసటి ఎండాకాలంలో అవ్వ పోయింది. నా అబద్ధం తెలిసిన మనిషి ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు ముందు, ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మా అక్క, మగ్గం గుంట అంచు దాకా జరుగుతూ పోయి బాపును అడిగింది.

"బాపూ, నన్ను ఒక్కపారి గవికి తీస్కపోవా? ఆడ అందరు నా లెక్కనే జరుగుతరంట."

బాపు చేతిలోని నాడె పక్కన పెట్టాడు. "చూద్దాం" అన్నాడు. మరునాటి నుంచి సాయంత్రాలు మగ్గం దిగి, పాత పీట ఒకటి తీసుకుని దానికి నాలుగు మూలలా రంధ్రాలు వేయించి, మగ్గం తాళ్లు పేని కట్టాడు. భుజాలు కోసుకుపోకుండా పాత గుడ్డలు మడిచి చుట్టాడు. అక్కను ఆ పీట మీద కూర్చోబెట్టి, వీపుకు వీపు ఆనించి ఎత్తుకుని, వాకిట్లో పది చుట్లు తిరిగి చూశాడు. అక్క ముఖం వెనక్కి ఉండేది. బాపు ముందుకు నడుస్తుంటే ఆమె వదిలివచ్చిన దారిని చూస్తూ పోయేది. అమ్మ, "గుట్ట ఎక్కగలవా?" అని అడిగితే, "ఎక్కుత. తొవ్వనే ఎరుకలేదు. అండాలు ఉన్నది గద, అది చూపిస్తది" అన్నాడు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు దాటాయి. నిజం చెప్పడానికి నాకు పదిహేను రోజులు ఉన్నాయి. ఒక్కరోజు ధైర్యం చేసి ఉంటే సరిపోయేది. రోజూ పొద్దున ఈరోజు చెప్తాననుకునేదాన్ని. అక్క పండుగకు నేసిన కొత్త చీర మడతలు విప్పి, మళ్లీ మడిచి, గవిలో జరిగేటప్పుడు మాసిపోతుందేమో, పాతదే కట్టుకోనా అని నన్నే అడిగింది. నేను కొత్తదే కట్టుకోమన్నాను.

అందరితో పాటు పోతే పదిమంది కళ్లు పిల్ల మీదనే ఉంటాయని, ఆడవాళ్ల బండ్లు తిరిగివచ్చిన మూడు రోజులకు మేము బయలుదేరాం. బాపు, అక్క, నేను. అమ్మ ఇంటికాడ ఆగింది. ఆ ప్రయాణంలో అక్క ఏ సంగతినీ వదల్లేదు. బండి జొన్నచేల మధ్య పోతుంటే చేయి చాచి ఆకులు గీసుకుపోయేలా పట్టుకునేది. పాలపిట్టను చూసి, ఇంత నీలం రంగు నూలుకు ఎట్లా వస్తుందని బాపును అడిగింది. చెరువు కట్ట దిగుతున్నప్పుడు ఎక్కడ పడిపోతామోనని భయంతో నవ్వింది. ఆమె వయసప్పుడు పదిహేను. ఊరి బయట చెట్లు ఎట్లుంటాయో ఆనాడే చూసింది.

మరునాడు పొద్దున గుట్ట ఎక్కాం. ముందు నేను, నా వెనక బాపు, బాపు వీపున అక్క. బాపు ఊపిరి బరువుగా వినిపిస్తూ ఉంది. ఎనిమిదేళ్ల వయసు నుంచి మగ్గం గుంటలో కూర్చున్న కాళ్లవి. గుట్టలు ఎక్కిన కాళ్లు కావు. అక్క తన ఎత్తుకు అందిన సీతాఫలాలు తెంపి ఒళ్లో వేసుకుంటూ ఉంది. కొంతదూరం పోయాక ఆమె గొంతు వినిపించింది.

"అండాలూ, సప్పుడు మొదలైంది. ఇరవై మగ్గాలు. సరిగ్గ నువ్వు చెప్పినట్టే."

నేను వెనక్కి చూడలేదు. చూరు బండ వచ్చింది. అవే నల్లటి చాపలు, అదే చీకటి. ఈసారి నాకు తేనెటీగల భయం లేదు. ఆ బండకు అవతల నేను చెప్పిన గవి ఉండదు, వేరే గవి ఏదో ఉంటుంది. అందులో దొరసాని నిలబడే నడుస్తుంది. అక్క ఆ గవిని చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది. ఆ చూపు తప్ప నాకు ఇంకేమీ తోచలేదు.

"బాపూ, ఆగు. తేనెటీగలు లేచినయ్."

"యాడ?" బాపు చెమట కళ్లలో పడి కనురెప్పలు కొట్టుకుంటూ చూశాడు. సన్న నూలు చూసి చూసి ఆయనకు అప్పటికే దూరపు చూపు మసక.

"గా ముందట. బండ అవతల."

వీపున పిల్లను మోస్తూ పరుగెత్తడం ఎట్లా అని ఆయన ఆలోచించి ఉంటాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అక్క, "బాపూ, జర ఆగరాదు, చల్లబడతయేమో" అన్నది. బాపు ఆగాడు. తల వంచుకుని, తాళ్లు భుజాల మీద సర్దుకుంటూ, ఆ హోరు వింటూ కొంతసేపు నిలబడ్డాడు. నేను ఇప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరవలేదు.

"వచ్చేయేడు వద్దాం బిడ్డా. పానం కంటె ఎక్కువ గాదు గద" అని బాపు వెనక్కి తిరిగాడు.

ఆయన తిరగగానే అక్క ముఖం బండ వైపు తిరిగింది. నేను బాపు వెనకబడ్డాను కనుక ఆమెకు ఎదురుగా నేనే ఉన్నాను. నా తల మీదుగా ఆమె చూరు బండను చూసింది. తేనెపట్లు ఎట్లా వేలాడుతున్నాయో అట్లాగే ఉన్నాయి. ఎండలో ఒక్క ఈగ లేదు. చాలాసేపు చూసి, తర్వాత కళ్లు దించి నన్ను చూసింది. బాపు ఒక్కో అడుగూ దిగుతుంటే ఆమె ముఖం కిందికి, ఇంకా కిందికి పోతూ ఉంది.

బండిలో తిరిగి వస్తూ ఒళ్లో కాయల్లోంచి మాగినది ఒకటి ఏరి, చిదిమి, సగం నాకు ఇచ్చింది. "తేనెటీగలు కుట్టలేదు గద నిన్ను?" అని అడిగింది. లేదన్నాను. "మంచిది" అన్నది. ఇంటికి వచ్చాక దొరసాని ఎట్లా జరిగిందో చూపించమని మళ్లీ ఎన్నడూ అడగలేదు.

వచ్చే ఏడు రాలేదు. ఊళ్లలో రజాకార్ల భయం మొదలైంది, గుట్టల వైపు పోయేవాళ్లు లేరు, నూలు దొరకడం కరువైంది. ఆ ఎండాకాలం నాటికి మా వాడకట్టులో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మేమూ మగ్గం విప్పి, అక్కను బండి ఎక్కించుకుని, ఆపైన రైలులో షోలాపూర్ పోయాం. బాపు అక్కడి మిల్లులో చేరాడు. ఇంక ఆయన ఏ గుట్టా ఎక్కలేదు. దమ్ము, అంటే ఉబ్బసం, వచ్చి యాభై దాటకుండానే పోయాడు.

అక్క నా దగ్గరే ఉంది. నా పిల్లలను పెంచింది ఆమే. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని దుంకుడు కథ చెప్పేది. తెల్లటి నూలు దులిపినట్టు నీళ్లు, ఇరవై మగ్గాల సప్పుడు, కూర్చుని జరిగే దొరసాని. నా మాటలే, ఒక్క ముక్క తగ్గకుండా. నేను వంటింట్లో రొట్టెలు చేస్తూ వినేదాన్ని. ఒకసారి సుజాత, "నువ్వు చూసినవా పెద్దమ్మా?" అని అడిగింది. అక్క వంటింటి వైపు చూసి, "పోయినం గద, మీ అమ్మ, నేను, మీ తాత" అన్నది. పోయామన్నది, చూశామనలేదు. నా పెనం మీద రొట్టె మాడిపోయింది.

చివరి రోజుల్లో దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని, "అక్కా, ఆనాడు తేనెటీగలు…" అని మొదలుపెట్టాను. ఆమె చేయెత్తి నా చేతి మీద పెట్టి, "ఊకో. జర నీళ్లియ్యి" అన్నది. నీళ్లు ఇచ్చాను. రెండు రోజులకు పోయింది. నేను చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా మనసులో తిరుగుతుండగా సుజాత నన్ను ఆ నున్నటి బాట మీద నెట్టుకుంటూ పోయింది. ఇప్పచెట్టు లేదు, దాని చోట టికెట్ల గది ఉంది. గుట్ట కింది పల్లెలో అప్పుడు తేనె తీసే చెంచువాళ్ల గుడిసెలు పది దాకా ఉండేవి. వాళ్లు ఎటు పోయారో అక్కడి కాపలావాడికి తెలియదు. వచ్చేదారిలో మా వాడకట్టులో కారు ఆపితే మగ్గం సప్పుడు ఒక్కటీ వినిపించలేదు. గుంటలు పూడ్చి, నాపరాళ్లు పరిచారు. చూరు బండ మాత్రం ఉంది. తేనెపట్లు లేవు. జనానికి ప్రమాదమని తీసేసి, బండకు వల కట్టారు. నేను సుజాతను ఆగమన్నాను. బాపు నిలబడిన చోటు నాకు తెలుసు. అక్కడి నుంచి బండ కిందుగా పోయి, ఒక్క మలుపు తిరిగితే చాలు, దుంకుడు ఎదురుగా ఉంది. ఆ దూరాన్ని నేను కుర్చీలో కూర్చునే కొలిచాను. వీధిలో ఒక పడుగు పరిచినంత. అంతకంటే ఒక్క మూర లేదు.

నీళ్లు నేను చెప్పినంత తెల్లగా లేవు. కొంచెం ఎర్రగా, బండకు ఆనుకుని మూడు పాయలుగా దిగి, గుండంలో పడి నురగ కడుతున్నాయి. అయినా బాగున్నాయి. నీటి తుంపర ముఖాన పడుతుంటే కళ్లజోడు తీసి అట్లాగే ఉండిపోయాను. పక్కన గవి. లోపలికీ ఆ బాటే పోయింది, కప్పుకు దీపాలు పెట్టారు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినా అందనంత ఎత్తు కప్పు. ఆనాడు మేము ఇక్కడికి వచ్చి ఉంటే అక్క ఈ కప్పు చూసేది, నన్ను చూసేది, నా వీపున ఒక దెబ్బ వేసేదేమో, అలిగి బండి దాకా మాట్లాడేది కాదేమో. సాయంత్రానికి మరచిపోయేది. ఈ నీళ్లు మాత్రం ఆమెకు బతికినంతకాలం ఉండేవి.

సుజాత కప్పు వైపు చూస్తూ అన్నది. "ఇదేందమ్మా, పెద్దమ్మ చెప్పినట్టు లేదు? దొరసాని గూడ కూసోని జరగాలె అన్నది గద."

"పెద్దమ్మ చూడలేదు బిడ్డా" అన్నాను. "నేను గూడ చూడలేదు. ఇయ్యాల్నే చూసుడు."

బాట పక్కన బల్ల మీద కూర్చుని సుజాత అంతా విన్నది. నేను ఏదీ దాచలేదు. దొరసాని, పీట, తాళ్లు, చూరు బండ, లేవని తేనెటీగలు. చెప్పడం అయిపోయాక నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. నా చేతిలోని కళ్లజోడు తీసుకుని, తుంపర తుడిచి ఇస్తూ అడిగింది.

"మరి తాత? తాతయినా ఎప్పుడన్నా ఒకపారి చూసిండా?"

డెబ్బై ఏళ్లు నేను అక్క ముఖమొక్కటే తలుచుకున్నాను. తాళ్లు భుజాల్లో దిగి, చెమట కళ్లలో పడి, తల వంచుకుని ఆ సప్పుడు వింటూ నిలబడిన మనిషికి కూడా చూడాలని ఉండి ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

"చూడలే. తాత గూడ చూడలే బిడ్డా" అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చేదాకా ఆ సంగతి నాకూ తెలియదు.